పదహారో నంబరు కాగితంతో తుళ్లూరు దాకా

నాలుగు రోజుల ప్రయాణానికి నేను సర్దుకున్నవి రెండు చీరలు, ఒక తువ్వాలు, సున్నుండల డబ్బా, మూడు మడతలు పెట్టిన ఒక కాగితం. కాగితం నాది కాదు, మస్తానమ్మది. దాన్ని ఆమె చేతిలో పెట్టి, ఆమెను గుంటూరు ఆసుపత్రికి తీసుకురావాలి. అంతే పని. కాకపోతే మస్తానమ్మ ఎక్కడ ఉందో నాకు తెలియదు. ఆమెకు ఫోను లేదు.

మాది పర్చూరు పక్క పల్లె. పొగాకు గ్రేడింగులో నేనూ మస్తానమ్మా పక్కపక్కన కూర్చుని ఆకు వేరుచేస్తాం. మిరప కోతలు మొదలైతే ఆమె ముఠాతో ఊళ్లు పట్టుకుని పోతుంది. జనవరిలో గుంటూరు నుంచి ఒక డాక్టరు గారి బృందం మా ఊరు వచ్చింది. ఆడవాళ్లకు గర్భసంచి ముఖం దగ్గర క్యాన్సరు తెచ్చే వైరస్సు మా వైపు ఏయే రకాలుగా తిరుగుతోందో చూడటానికి వచ్చారు. చిన్న బ్రష్షు ఇస్తారు. పరదా చాటుకు వెళ్లి ఎవరికి వారే దాంతో లోపలి తడి తీసుకుని గొట్టంలో వేసి ఇవ్వాలి. నేను యాభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి, గొట్టాల మీద పేర్లు రాసే పని మా ఏఎన్ఎం నాకు పెట్టింది. ఫోను లేనివాళ్లంతా నా నంబరే ఇచ్చారు.

నెల దాటాక ఫోను వచ్చింది. మస్తానమ్మ గొట్టంలో పదహారో రకం ఉంది, త్వరగా తీసుకురండి అన్నారు. కాగితం ఏఎన్ఎం తెచ్చి ఇచ్చింది. అప్పటికి మస్తానమ్మ ఊళ్లో లేదు.

మా చెల్లెలు నాగరత్నానికి ఎనిమిదేళ్ల కిందట ఇలాంటి ఆసుపత్రి కాగితమే వచ్చింది. అంతా ఇంగ్లీషు, కింద మాత్రం ఎవరో చేత్తో తెలుగులో ఒక ముక్క రాశారు. చదివేవాళ్లు ఇంట్లో లేరు. అవసరమైతే వాళ్లే పిలుస్తారులే అని ట్రంకు పెట్టెలో పెట్టాం. ఎనిమిది నెలలు అందులోనే ఉంది. ఆమె పోయిన తర్వాత నేను పలక పట్టాను. అందుకని మస్తానమ్మ తిరిగొచ్చేదాకా ఆగుదామని ఇంట్లో అంటే నేను వినలేదు.

ఇవన్నీ రాయడానికి మస్తానమ్మ ఒప్పుకుంది. రాయకపోతే ఊరుకోనని కూడా అంది.

వేటపాలెం: నల్లచేతులు

మస్తానమ్మ చెల్లెలు కరీమమ్మ వేటపాలెంలో జీడిపప్పు కొట్టే షెడ్డులో పనిచేస్తుంది. అక్క ఎటు పోయిందో ఆమెకే తెలియాలి.

షెడ్డులోకి అడుగు పెట్టగానే వేయించిన పిక్కల పొగ గొంతులో పడింది. పొగాకు ఘాటుకు అలవాటుపడ్డదాన్ని, అయినా దగ్గు ఆగలేదు. వరసగా కూర్చున్న ఆడవాళ్లు పిక్కను రాయి మీద నిలబెట్టి చిన్న కర్రతో ఒక్క దెబ్బ కొడుతున్నారు. పప్పు విరగకుండా బయటికి వస్తోంది. మా పొగాకు పసరు చేతులను గోధుమరంగు చేస్తుంది. వీళ్ల చేతులు జీడిరసానికి నల్లగా, ముదురు తోలులా ఉన్నాయి.

ఎందుకొచ్చావని అడిగితే పెళ్లి పిలుపన్నాను. మా తోడికోడలి కూతురికని దారిలోనే అనుకుని పెట్టుకున్న అబద్ధం. ఒకరి రోగం కబురు పదిమంది మధ్య చెప్పలేను కదా. కరీమమ్మ చెయ్యి ఆపకుండానే నన్ను ఎగాదిగా చూసింది.

"పెళ్లి పిలుపుకు ఇంత దూరం ఎవరొస్తారక్కా ఈ రోజుల్లో? ఫోన్లో కార్డు పంపి ఊరుకుంటారు."

పక్కనున్న ముసలావిడ, భోజనాలు ఎన్ని రకాలో అడుగు, బాగుంటే మనమూ పోదాం అంది. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం పని ఆపాక కరీమమ్మ ఒక చిప్పలో ఆముదం పోసుకుని రెండు చేతులకూ మోచేతుల దాకా పట్టించింది. తర్వాత సబ్బు పెట్టింది. నేను ముందే నీళ్ల దగ్గరికి వెళ్లబోతే ఆపింది. జీడిరసం అంటుకున్న చోట నీళ్లు పోస్తే పోదట, ఇంకా పాకుతుందట. ముందు నూనె, ఆ తర్వాత సబ్బు, చివరికి నీళ్లు.

అప్పుడే నాకు గొట్టాల రోజు గుర్తొచ్చింది. జనవరిలో మస్తానమ్మ పొద్దున్నుంచి మిరపకాయలు కోసి, పొలం నుంచి నేరుగా పరదా దగ్గరికి వచ్చింది. చేతులు కడుక్కో అని నేనే చెప్పాను. పంపు చూపించాను. ఒట్టి నీళ్లు. మిరప ఘాటుకూ నీళ్లు చాలవని మా వైపు పసిపిల్లకు కూడా తెలుసు, వరస పెద్దదిగా ఉందని తొందరలో మరిచిపోయాను. పరదా చాటునుంచి ఆమె ఏడుస్తూ వచ్చింది. మజ్జిగలో తడిపిన గుడ్డ పెట్టుకుని గంటసేపు కూర్చుంది. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

కరీమమ్మను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాను. ఆమె నవ్వు పోయింది. ఆ రోజు సంగతి అక్క తనకూ చెప్పిందని, ఇప్పటికీ ఆ ఊసెత్తితే తిడుతుందని అంది. ముఠా తుళ్లూరు అవతలికి పోయిందనీ, రైతు పేరు తెలియదనీ, ఆయన సరుకు గుంటూరు యార్డులో ఫలానా కొట్లో దిగుతుందనీ చెప్పింది. చిన్న సీసాలో ఆముదం పోసి నా సంచీలో పెట్టింది. విరిగిన పప్పు గుప్పెడు కాగితంలో చుట్టి ఇచ్చింది. విరగని గుండు పప్పు ధర అడిగి నేను నోరు మూసుకున్నాను.

గుంటూరు: మచ్చు

మిర్చి యార్డు గేటు దగ్గరే నాకు పదకొండు తుమ్ములు వచ్చాయి. లెక్కపెట్టింది నేను కాదు, టీ అమ్మే ఆయన. కొత్తవాళ్లకు పది దాటితే టీ అల్లం ఎక్కువ వేసి ఇస్తాడట. పది రూపాయలే, మా పర్చూరు ధరే, గ్లాసు మాత్రం చిన్నది.

కరీమమ్మ చెప్పిన కొట్టు వెతుక్కునే సరికి ఎండెక్కింది. గుమాస్తా శివయ్య గారు మర్యాదగానే కూర్చోమన్నారు. ఎర్రటి బస్తాలు ఇంటి ఎత్తున పేర్చి ఉన్నాయి. ప్రతి బస్తా నుంచి గుప్పెడు కాయలు తీసి కొట్టు ముందు పోస్తున్నారు. దాన్ని మచ్చు అంటారు. కొనేవాళ్లు మచ్చు చూసి లాటు మొత్తానికి ధర చెబుతారు. శివయ్య గారు ఒక కాయ తీసుకుని విరిచి, గింజ చూసి, తొక్క వెలుగుకు పెట్టి తేజ అన్నారు. ఇంకొకటి విరిచి 334 అన్నారు. ముడతలు పడ్డ పొడుగుకాయను చూపించి బ్యాడిగి అన్నారు.

నాకన్నీ ఒకలాగే ఉన్నాయన్నాను.

"అన్నీ మిరపకాయలేనమ్మా. కారంగా ఉందని ఎవరైనా చెప్తారు, నోట్లో వేసుకుంటే చాలు. రకం చెప్పాలంటే విరిచి లోపల చూడాలి."

రైతు సంగతి అడిగితే వెంటనే చెప్పారు. ఆయన తన పొలం రాజధానికి ఇచ్చేసి, ఊరు దాటి కౌలుకు మిరప వేశాడట. ఊరి పేరు నా పుస్తకంలో రాసుకున్నాను. పని ఏమిటని అడిగారు. పెళ్లి పిలుపు అన్నాను. ఆ ముఠా మేస్త్రి ఏడుకొండలు తనకు తెలుసని, ఫోన్ చేసి చెబుతానని శివయ్య గారు తెగ సంబరపడ్డారు. వద్దనే లోపు చెప్పేశారు కూడా.

అక్కడినుంచి డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా కూతురి వయసు ఉంటుంది. కాగితం చూపించి, దీని సంగతి నాకు తెలిసేలా చెప్పండి, నేను ఇంకొకరికి చెప్పాలి అన్నాను. ఆవిడ కుర్చీ నా వైపుకు లాక్కున్నారు.

ఈ వైరస్సు చాలా మామూలుదట. కాపురం చేసే చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, ఎక్కువమందిలో దానంతట అదే పోతుంది. రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో కొన్ని మాత్రమే, అదీ ఏళ్ల తరబడి పోకుండా కూర్చుంటే, క్యాన్సరు దాకా వెళతాయి. పదహారు వాటిలో ముందుండేది. ఆ పదహారులో కూడా అన్నీ ఒకటి కావు, నాలుగు పెద్ద కొమ్మలు, వాటికి రెమ్మలు. ఒక్కో దేశంలో ఒక్కో కొమ్మ ఎక్కువ. కొన్ని కొమ్మలు మిగతావాటికంటే మొండివని వేరే చోట్ల చూశారట. మన వైపు ఏ కొమ్మ ఎక్కువో, అది ఎలా నడుచుకుంటుందో ఇంకా సరిగా తెలియదు. అందుకే ఊరూరా గొట్టాలు పోగుచేస్తున్నారు.

కంప్యూటరులో ఒక రకం వైరస్సు రాత చూపించారు. నాలుగే అక్షరాలు, అవే అటూ ఇటూ మారుతూ ఎనిమిది వేలకు కాస్త తక్కువ. అక్కడక్కడా ఒక అక్షరం మారితే రంగు మారుతుంది. ఆ మార్పులను బట్టే కొమ్మ పోలుస్తారు.

"యాభై ఆరు నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టిందండి. దీనికి నాలుగుతోనే సరిపోయిందా?" అన్నాను.

ఆవిడ నవ్వారు. ఆ మధ్యలోనే నేను అసలు ప్రశ్న అడిగాను. కొమ్మ తెలిస్తే మస్తానమ్మకు నయమవుతుందా అని. లేదన్నారు. కొమ్మ సంగతి రేపు వచ్చేవాళ్లకోసం. మస్తానమ్మకు కావలసింది ఇప్పుడు, కంటితో చూసి, మచ్చ ఉంటే తీసేయడం. "ముదరకముందే పట్టుకుంటే చాలా చిన్న పని. తీసుకురండి" అన్నారు.

తీపి మాటల్లో దాచకుండా చెప్పినందుకు ఆవిడంటే నాకు గురి కుదిరింది.

తుళ్లూరు దాటాక

తుళ్లూరులో రోడ్లు మా ఊరి చెరువంత వెడల్పు. రోడ్డుకు అటు ఆకాశం దాకా కడుతున్న కట్టడాలు, ఇటు ముళ్లకంప పెరిగిన నల్లరేగడి. హోటల్లో భోజనానికి కూర్చుంటే పక్క బల్ల వాళ్లు పునాదులు, ప్లాట్లు, ఎవరి ప్లాటు ఏ మూలకు పడిందో మాట్లాడుకుంటున్నారు. ఒక పెద్దాయన నా సంచీ చూసి, స్థలం కొనడానికి వచ్చావా అమ్మా అని అడిగాడు. సంచీలో అంత పట్టదు లెండి అన్నాను. గోంగూర పచ్చడి మాత్రం మా పచ్చడికంటే బాగుంది, ఉల్లిపాయ పచ్చిదే నంజుకోవడానికి ఇచ్చారు.

ఆటో అతను నన్ను వేరే ముఠా దగ్గర దించి వెళ్లిపోయాడు. వాళ్లు కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వచ్చినవాళ్లు. చేలోనే పరదాలు కట్టుకుని ఉన్నారు. మస్తానమ్మ ఎవరో తెలియదన్నారు గానీ, తినకుండా పోనివ్వలేదు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ నూరిన కారం. మేం అన్నం లేకపోతే భోజనం కాదంటాం, వాళ్లు రొట్టె లేకపోతే కడుపు నిండదంటారు. కారం దగ్గర మాత్రం ఇద్దరం ఒకటే. నేను సున్నుండలు ఇస్తే పిల్లలు సగం డబ్బా ఖాళీ చేశారు. అక్కడినుంచి రెండు కిలోమీటర్లు గట్ల మీద నడిచాను. సగం దూరంలో ఎడమ చెప్పు తెగింది. రెండూ చేత్తో పట్టుకున్నాను.

మస్తానమ్మ నన్ను దూరంనుంచే చూసింది. తలగుడ్డ విప్పి చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఎవరి పెళ్లక్కా? మేస్త్రి పొద్దున్నే చెప్పాడు. నాకు చెప్పకుండా నాకే చేస్తున్నారేంది?"

ముఠా అంతా గొల్లున నవ్వింది. ఆమెను మోటారు షెడ్డు వెనక్కి తీసుకెళ్లి కాగితం చదివి వినిపించాను. మొదట తలగుడ్డ మళ్లీ బిగించి కట్టుకుంది. తర్వాత కోపం వచ్చింది.

"అది రోగం కాదక్కా. మిరపకాయ. ఆ రోజు చేతుల కారమంతా బ్రష్షుకు అంటుకుంది. మీ మిషను కారాన్ని చూసి రోగమంది."

మిషను కారాన్ని చూడదని చెప్పాను. ఆమె వినలేదు. ఆ రోజు ఎంత మండిందో నీకేం తెలుసు, నువ్వు నవ్వావు అంది. నవ్వానని ఒప్పుకున్నాను. పంపు చూపించింది నేనేనని, తప్పు నాదేనని చెప్పాను. అయితే ఆ తప్పుకు తనెందుకు ఆసుపత్రి చుట్టూ తిరగాలని ఎదురడిగింది. ఒంట్లో నొప్పి లేదు, ఏమీ లేదు. నాగరత్నానికి కూడా మొదట్లో నొప్పి లేదన్నాను. ఆ పేరు వినగానే ఆమె లేచి చేలోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను. వాళ్లు వండిన పప్పుచారే తిన్నాను. మేస్త్రి ఏడుకొండలు, వచ్చినదానివి మళ్లీ పోయేదాకా నాలుగు సాళ్లు కోసి పెట్టమ్మా అన్నాడు. మస్తానమ్మ కాగితం తీసుకోకుండా నేను పోయేది లేదు గనక, కోస్తానన్నాను.

సాలు మధ్యలో

తెల్లవారి మంచు ఆరకముందే కోతకు దిగారు. నేను మస్తానమ్మ పక్క సాలు పట్టాను. గ్రేడింగులో కూర్చున్నట్టే పక్కపక్కన. అరగంట సేపు కాయలు కోశాం. తర్వాత ఆమె బుట్టలోంచి ఒక పండుకాయ తీసి ఆమె ముందు పెట్టాను.

"ఇదేం రకం మస్తానూ?"

"తేజ. కనపడట్లా?"

"నోట్లో వేసుకోకుండా ఎట్లా చెప్పావు?"

"నోట్లో వేసుకుంటే మండుద్దంతే. రకం నోటికి తెలుస్తదా? కాయను చూడాలి."

కొంగుకు కట్టుకున్న కాగితం విప్పాను. అంకె దగ్గర వేలు పెట్టాను.

"ఇందులో మండిందని రాయలేదమ్మా. రకం రాశారు. పదహారు. కారం అంటుకుని ఉంటే దీనికి రకం ఎక్కడినుంచి వచ్చిద్ది? వాళ్లు విరిచి లోపల చూశారు."

ఆమె కాయలు కోస్తూనే ఉంది. మొక్క అయిపోయింది, తర్వాతి మొక్కకు జరిగింది, నేనూ జరిగాను. చాలాసేపటికి, తల ఎత్తకుండానే, ఎవరినుంచి వచ్చిందంట అని అడిగింది. ఇదే ఆమె రాత్రంతా నమిలింది అని నాకు అప్పుడు అర్థమైంది. ఆమె భర్త పోయి ఆరేళ్లు. ఇది ఎన్నో ఏళ్ల కిందట తగిలి చడీచప్పుడు లేకుండా ఉండవచ్చని, ఎప్పుడు, ఎవరినుంచి అని ఏ పరీక్షా చెప్పలేదని డాక్టరు గారు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఆయన్ని అడిగేందుకు ఆయన లేడు. అడిగినా చెప్పే మనిషి కాదు" అంది. కొంచెం నవ్వింది కూడా. మళ్లీ అడిగింది. "నాగరత్నానిది ఏ రకం?"

"తెలీదు. ఎవరూ విరిచి చూడలేదు."

ఆమె బుట్టను గట్టు మీద పెట్టింది.

"ఈసారి పంపు చూపిస్తే ఊరుకోను. నూనె తెచ్చావా?"

సంచీలోంచి కరీమమ్మ సీసా తీశాను. చెల్లెలి సీసా ఆమె గుర్తుపట్టింది. గట్టు మీద కూర్చుని వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మణికట్ల దాకా ఆముదం పట్టించింది. రెండుసార్లు సబ్బు పెట్టింది. మేస్త్రి పూట కూలి పోద్దని గొణిగాడు. ముఠాలో పెద్దామె, పెళ్లికి పోతుంటే అడ్డం పడతావేంరా అని గదమాయించింది. ఆ అబద్ధం అలా ఒక్కసారి పనికొచ్చింది.

మళ్లీ గుంటూరు

డాక్టరు గారు వెనిగరు లాంటి నీళ్లు అద్ది చూశారు. కందిబద్దంత తెల్లమచ్చ కనిపించిందట. చిన్న ముక్క పరీక్షకు తీశారు, వేడి పెట్టే పరికరంతో ఆ మచ్చను అక్కడికక్కడే కాల్చేశారు. నేను బయట బల్ల మీద కూర్చుని గోడకు అంటించినవన్నీ చదివాను, అగ్నిమాపక సూచనలతో సహా. పూర్తిగా చదివేలోపే మస్తానమ్మ నడుచుకుంటూ వచ్చింది. నొప్పి ఎంతని అడిగితే, జనవరిలో నువ్వు పెట్టినదాంట్లో సగం కూడా లేదంది.

ముక్క ఫలితం తర్వాత వచ్చింది. క్యాన్సరు కాదు, దానికి ముందు మెట్టు. ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. ఆ తేదీ మా ఇంటి క్యాలెండరులో, ఆమె ఇంటి తలుపు లోపల, నా పుస్తకంలో, మూడుచోట్ల రాశాను.

మచ్చ కాల్చిన రోజు బయలుదేరే ముందు మస్తానమ్మ డాక్టరు గారి బల్ల మీద ఉన్న, బ్రష్షుతో పాటు ఇచ్చే సూచనల కాగితం చూపించి, ఇందులో ఏముందని అడిగింది. ముందుగా చేతులు శుభ్రంగా కడుక్కోవాలి అని ఉంది.

"అట్లా రాస్తే మళ్లీ ఎవరో ఒకరు నాలాగే ఏడుస్తారమ్మా. మా వైపు మిరపకాయ ముట్టని చెయ్యి ఉంటదా?" అంది.

డాక్టరు గారు పెన్ను నా చేతికిచ్చారు. ఆ వాక్యం కింద రాశాను: మిరప కోతకు వెళ్లకముందే తీసుకోండి. కోసిన తర్వాతైతే ముందు నూనె, తర్వాత రెండుసార్లు సబ్బు. నా రాత గుండ్రంగా ఉండదు. ఆవిడ దాన్నే అలాగే కాపీలు తీయించారు.

అప్పుడు మస్తానమ్మ నన్ను అడగకుండానే చెప్పేసింది, ఈమె చెల్లెలు ఇట్లాగే పోయింది, దానిది ఏ రకమో చూస్తారా అని. డాక్టరు గారు తొందరపడి మాటివ్వలేదు. అప్పట్లో తీసిన ముక్కను మైనంలో పెట్టి దాస్తారట. ఆ ఆసుపత్రిలో అది ఇంకా ఉంటే, ఇప్పటికీ చదవవచ్చట. ఒక్కోసారి రాదట. పాత కాగితం మీద నంబరు కావాలన్నారు.

ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె తెరిచాను. అక్షరాలు వచ్చాక నేను మొదట చదివింది ఆ కాగితమే, కానీ ఎప్పుడూ పైకి చదవలేదు. డాక్టరు గారికి ఫోన్ చేసి నంబరు ఒక్కొక్క అంకె చెప్పాను. ఆవిడ తిరిగి చెప్పారు. సరిపోయింది. ఇంకేమైనా రాసి ఉందా అని అడిగారు. కింద చేత్తో రాసిన ముక్క ఉంది. అదీ చదివాను.

"పదిహేను రోజులలో తప్పక రావలెను."

కాగితాన్ని పెట్టెలో కాకుండా నా సంచీలో పెట్టాను.

"సోమవారం తీసుకుని వస్తున్నానండి" అన్నాను.